ఈతకొలను ఉందన్న నలభై తొమ్మిది మంది

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చచ్చిపోరు. పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఒక కుర్రాడు పోయేవాడే. కాలేదు. అందుకే వెండెల్ మింటర్ గురించి ఇలా కాళ్ళు బారజాపుకుని కూర్చుని చెప్పగలుగుతున్నాను. లేకపోతే మా కౌంటీలో ఆయన పేరెత్తడానికి కూడా ఎవరికీ నోరు వచ్చేది కాదు.

మింటర్ అరిచి బతికిన మనిషి. సైన్యంలో ఇరవై రెండేళ్ళు కొత్త కుర్రాళ్ళ మీద అరిచాడు. పింఛను పుచ్చుకుని జార్జియాకి తిరిగొచ్చాక, ఇంట్లో కూర్చుంటే పెళ్ళాం మీద అరవాల్సి వస్తుందేమోనన్న భయంతో, మా జైలు పొలం వెనకాల రేకుల షెడ్లలో కౌంటీ వాళ్ళు పెట్టిన క్యాంపులో చేరాడు. పెళ్ళాం ఎర్నెస్టీన్ మీద అరిచి బతికి బట్టకట్టినవాడు లేడు, అది వేరే సంగతి.

ఆ క్యాంపు పద్ధతి ఇది. పదిహేడు నుంచి ఇరవై ఒకటి లోపు కుర్రాడు మొదటిసారి దొరుకుతాడు. కారు ఎత్తుకుపోయి ఉంటాడు, లేదా జేబులో గంజాయి పొట్లం ఉంటుంది. జడ్జి కళ్ళద్దాల మీంచి చూసి, నాలుగేళ్ళు జైలా, తొంభై రోజులు క్యాంపా తేల్చుకోమంటాడు. ఏ కుర్రాడు జైలంటాడు? మర్నాడే గుండు కొట్టించి, బరువైన బూట్లు తొడిగించి, తెల్లారకముందే లేపి కవాతు మొదలుపెట్టేవారు. దుంగలు మోయించడం, ఇసుకలో పరిగెత్తించడం, పరుపు మీద ముడత కనిపిస్తే గదంతా తిరగేయించడం. పేపర్లో ఫోటోలు పడ్డాయి. టీవీ వాళ్ళొచ్చారు. కుర్రకారుకి ఇదే సరైన మందని ఊరంతా మురిసిపోయింది. నన్నేం అడక్కండి, చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అక్కడ మాట్లాడ్డానికీ ఒక పద్ధతుండేది. పైవాడు ఏది అడిగినా ముందు 'సార్' అనాలి, చివర 'సార్' అనాలి, మధ్యలో 'ఎస్' అనాలి. కాదనకూడదని ఏ కాగితంలోనూ రాసి లేదు. కానీ కాదన్నవాడు నేల మీద బోర్లాపడి యాభై సార్లు చేతుల మీద లేవాల్సొచ్చేది, లేస్తూనే తాను ఏమని ఉండాల్సిందో ఆలోచించుకోవాల్సొచ్చేది. వారం తిరిగేసరికి 'కాదు' అన్న మాట అందరి నోళ్ళలోంచీ ఊడిపోయేది. గొంతు కూడా ఖంగుమనాలి. నీరసంగా 'ఎస్' అన్నా యాభై తప్పదు.

మింటర్ దుర్మార్గుడు కాడు. ఒక్క కుర్రాడి మీద చెయ్యి వేసి ఎరగడు. తనే పదిహేడో ఏట పక్క ఊళ్ళో ఒక పాత ఫోర్డు కారు ఎత్తుకుపోయి దొరికినవాడు. ఆ రోజుల్లో జడ్జి జైలా, సైన్యమా అని అడిగితే సైన్యమన్నాడు. కారులో పక్కన కూర్చున్న చిన్నాన్న కొడుకు జైలన్నాడు. ఇద్దరూ తిరిగొచ్చారు. ఒకడి భుజం మీద పట్టీలున్నాయి, రెండోవాడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడలేకపోయేవాడు. అందుకని తనను నిలబెట్టింది ఆ కవాతేనని మింటర్ నమ్మకం. అదే ఈ పిల్లలకీ పెడుతున్నానని మనసు గట్టి చేసుకునేవాడు.

అయినా లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉండేది. నాలుగేళ్ళలో ఆరొందల మంది తన చేతుల మీదుగా వెళ్ళారు. అందులో ముప్ఫై మంది ఏమయ్యారో తెలుసు. వాళ్ళలో పదిహేను మంది పక్కనున్న పెద్ద జైల్లోనే తేలారు. మిగతావాళ్ళ ఆచూకీ లేదు. తాను చేస్తున్నది వాళ్ళకి మేలా, కీడా? ఈ ఒక్క ముక్క ఎవరైనా చదువుకున్నవాళ్ళు లెక్క చూసి చెబితే బాగుండునని ఆయన కోరిక. మేలని చెబుతారనే ఆశ అనుకోండి.

అందుకే తొంభై నాలుగు ఆగస్టులో యూనివర్సిటీ నుంచి మదింపు చేయడానికి వస్తున్నారంటే, క్యాంపు మొత్తంలో సంబరపడ్డవాడు మింటర్ ఒక్కడే. క్యాంపు పెద్ద కెప్టెన్ డ్రిగ్గర్స్‌కి మాత్రం అది గుబులే. వచ్చే నెల్లో కౌంటీ సభ్యులు క్యాంపు ఉంచాలా మూయాలా అని చేతులెత్తి ఓటేయబోతున్నారు. ఆ మదింపు మీదే అంతా ఉంది.

వచ్చినావిడ పేరు డాక్టర్ ప్యాట్రిస్ హోలోవే. వైద్యం డాక్టరు కాదు, చదువు డాక్టరు. నలభై దాటిన సన్నటి మనిషి, కాన్వాసు బూట్లు, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. నలభై ప్రశ్నల కాగితం క్యాంపులో ఉన్న యాభై రెండు మంది కుర్రాళ్ళకీ పంచుతానని, ఆ కాసేపు ఇన్‌స్ట్రక్టర్లు బయటుండాలని అడిగింది.

"ఒక్కొక్కడూ నేరం చేసి వచ్చినవాడమ్మా," అన్నాడు కెప్టెన్. "మీ పెన్సిళ్ళతో మిమ్మల్నే పొడిస్తే నేను ఎవరికి చెప్పుకోను?"

ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. ఎనిమిది మంది ఇన్‌స్ట్రక్టర్లు భోజనాల షెడ్డు గోడల వెంట టోపీలు కళ్ళ మీదకి లాక్కుని నిలబడ్డారు. పెన్సిలెత్తమని మింటరే అరిచాడు. మొదలుపెట్టమనీ మింటరే అరిచాడు. పదకొండు నిమిషాల్లో యాభై రెండు పెన్సిళ్ళు ఒకే చప్పుడుతో బల్ల మీద పడ్డాయి. ఆ చప్పుడు విని మింటర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ సాయంత్రం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఎర్నెస్టీన్‌కి చెప్పుకున్నాడు. తిండి బాగుందా అంటే అందరూ బాగుందనే గీశారట, నిద్ర చాలుతోందా అంటే చాలుతోందనే గీశారట, భుజాల మీంచి తొంగిచూశాడు కదా.

ఎర్నెస్టీన్ బడి వంటశాలలో పాతికేళ్ళుగా వండుతున్న మనిషి. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "యాభై రెండు మందికీ తిండి నచ్చిందా?" అంది.

"అందరికీ."

"చర్చిలో ఇరవై మందికి వండితే ఆరుగురు వంక పెడతారు. పాస్టరు గారైతే ఉప్పు తక్కువని ముఖం మీదే అంటాడు. మీ వంటవాడి అడ్రసు ఇవ్వవయ్యా, వెళ్ళి కాళ్ళకి దండం పెట్టొస్తా."

"నీకన్నీ వెటకారాలే," అని మింటర్ మళ్ళీ పుక్కిలించాడు.

మర్నాడు భోజనాల తర్వాత డాక్టర్ హోలోవే ఆయన్ని వంటింటి పక్క చిన్న గదిలోకి పిలిచింది. బల్ల నిండా కాగితాలు.

"కూర్చోండి సార్జెంట్ గారూ."

"నిలబడతానమ్మా."

"ఇరవై ఏడో ప్రశ్న ఒకసారి చదవండి."

మింటర్ కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. క్యాంపులోని ఈతకొలను శుభ్రంగా ఉంటోందా అని ఉంది అందులో. ఆయన రెండోసారి చదివాడు.

"మాకు ఈతకొలను ఎక్కడిదమ్మా? జైలు కుక్కలకి నీళ్ళ తొట్టి ఉంది. అదీ నాచు పట్టి ఉంది."

"తెలుసు, చూశాను. నలభై తొమ్మిది మంది శుభ్రంగా ఉంటోందన్నారు. ఇద్దరు ఏదీ గీయకుండా వదిలేశారు. ఒకడు మాత్రం, శుభ్రంగానే ఉంది గానీ ఇంకాస్త లోతుంటే బాగుండేదని రాశాడు."

మింటర్‌కి నవ్వాగలేదు. అరిచి అరిచి చెడిన గొంతు కదా, నవ్వితే రేకు మీద గులకరాళ్ళు దొర్లినట్టుంటుంది. ఆవిడా కాస్త నవ్వింది. నవ్వి కళ్ళద్దాలు తీసేసింది.

"ఇలాంటి ప్రశ్న ఒకటి ఎప్పుడూ మధ్యలో పెడతాను. ఇక ఈ కాగితాలు నాకు పనికిరావు. మీరెవరూ లేనప్పుడు మళ్ళీ అడగాలి, అది నా తిప్పలు. మీ సంగతి అడుగుతున్నాను. వీళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మీకెలా తెలుస్తుంది?"

"అడుగుతాం."

"అడిగితే ఏమంటారు?"

ఏమంటారో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. దాంతో ఆయనకి ఒళ్ళు మండింది. నిన్నటిదాకా ఈవిడ నోటినుంచి మంచిమాట వినాలని ఎదురుచూశాడు కదా, ఆ మంట ఇంకాస్త ఎక్కువైంది.

"ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నానమ్మా. వాళ్ళ మాటతో నాకు పనిలేదు, గొంతు వింటే తెలిసిపోతుంది. మీ పుస్తకాల్లో అది ఉండదు." టోపీ సర్దుకుని బయటికొచ్చేశాడు.

మధ్యాహ్నం రెండింటికి పరుగు. వేరుశెనగ చేను చుట్టూ ఇసుక బాటలో మూడు మైళ్ళు. ఎండ ఎలా ఉందంటే కందిరీగలు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. వరుసలో ఆఖరున క్వెంటిన్ ప్యూ. అమ్మమ్మ పెంచిన పిల్లాడు, పదిహేడేళ్ళు, భారీ మనిషి, వచ్చి పందొమ్మిది రోజులైంది. తన మేనమామ పనిచేసే చోట ట్రక్కు తాళాలు కనిపిస్తే ఒక్క చుట్టు తిప్పొద్దామని తీసుకెళ్ళి గుంటలో దింపాడు. అదీ వాడు చేసిన నేరం.

మొదటి మైలు దగ్గర ప్యూ బూట్లు ఈడుస్తున్నాడు. మింటర్ పక్కకొచ్చి పరిగెత్తాడు.

"ప్యూ, బాగున్నావా?"

"సార్, ఎస్ సార్."

చేను మలుపులో ఇంకోసారి అడిగాడు. అదే జవాబు. మూడో మైల్లో, జైలు గేటు కనిపిస్తుండగా, మూడోసారి అడిగాడు.

"సార్, ఎస్ సార్."

గొంతు ఖంగుమంది. ఆ వరుసలో అందరికంటే గట్టిగా మోగిన గొంతు వాడిదే. ఇంకేం, మింటర్ వాణ్ణి దాటి ముందుకెళ్ళిపోయాడు. ఇరవై అడుగులు వేశాక, ఇంకాస్త లోతుంటే బాగుండేదని రాసిన మహానుభావుడెవడో గుర్తొచ్చి తనలో తనే నవ్వుకోబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గొంతు వింటే తెలిసిపోతుందని చెప్పి వచ్చాడు కదా. ఆ గొంతుని అలా మోగేలా తయారుచేసింది ఎవరు? జ్వరంతో ఉన్నా, కాలు బెణికినా, ఖంగుమని మోగాల్సిందేనని నేర్పింది తనే. వెనక్కి తిరిగాడు.

అందరి చొక్కాలూ పిండితే బిందెడు నీళ్ళు వచ్చేలా ఉన్నాయి. ప్యూ చొక్కా పొడిగా ఉంది. మెడ దగ్గర ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. ముఖం మీద ఒక్క చెమట చుక్క లేదు.

"ఆగు," అన్నాడు మింటర్. వాడు ఆగాడు. "ఒరేయ్, మన క్యాంపులో ఈతకొలను ఉందా?"

"సార్, ఎస్ సార్."

"ఎక్కడుంది?"

ప్యూ వేరుశెనగ చేను వైపు కాసేపు తేరిపార చూశాడు. ఇసుకలో కూలబడ్డాడు. వంగి బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"బూట్లు తడిసిపోతాయి సార్," అన్నాడు మెల్లగా, చిన్నపిల్లాడిలా.

మింటర్ జీవితంలో వేసిన కేకలన్నీ ఒక ఎత్తు, అప్పుడు వేసిన కేక ఒక ఎత్తు. వేరుశెనగ షెడ్డు దాకా వినిపించిందట. నలుగురు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఐదుగురూ కలిసి ప్యూని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తుకుని కుక్కల దొడ్డిలోకి పరుగుతీశారు. బూట్లతో సహా నీళ్ళ తొట్టిలో పడేశారు. మింటర్ తనూ దిగి, వాడి తల తన ఛాతీకి ఆనించుకుని గడ్డం నీళ్ళ పైకి పట్టుకున్నాడు. జైలు కుక్కలు పన్నెండూ గొంతులు చించుకుంటున్నాయి. కుర్రాళ్ళు వంటింట్లోకి పోయి టీకి పెట్టుకున్న ఐసంతా తెచ్చి కుమ్మరించారు. చాల్లేదు. వంటవాడు చల్లటి తియ్యటి టీ పీపాని దొర్లించుకొచ్చి అదీ తొట్టిలోకి వంచేశాడు. ఈలోగా డాక్టర్ హోలోవే కాన్వాసు బూట్లతో కెప్టెన్ గదిలోకి దూరి, అడ్డొచ్చినవాణ్ణి పక్కకి తోసి ఆంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఆంబులెన్సు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ మింటర్ వాడి చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. ఏం చెప్పావని తర్వాత అడిగితే, గుర్తులేదు, అరవలేదని మాత్రం గుర్తుందన్నాడు.

ఆసుపత్రిలో గంటన్నర తర్వాత డాక్టరు బయటికొచ్చి, "నీళ్ళలో ముంచిందెవరు?" అనడిగాడు.

"నేనే," అన్నాడు మింటర్, ఉరికంబం ముందు నిలబడ్డవాడిలా.

"అదే కాపాడింది. గట్టి వడదెబ్బ. ఇంకో పది నిమిషాలు అలా ఎండలో ఉంటే నా దగ్గరికి తెచ్చినా నేను చేయడానికేమీ ఉండేది కాదు. కిడ్నీలు నాలుగు రోజులు మొరాయిస్తాయి. తర్వాత దారికొస్తాయి. పిల్లాడు బతుకుతాడు."

మింటర్ గోడకి జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. పోయిన ప్రాణం లేచొచ్చిందంటారే, అలా అనిపించింది. బతుకుతాడు. ఆ మాటని పదిసార్లు లోపల అనుకున్నాడు. ప్రతిసారీ ఊపిరి ఇంకాస్త కిందిదాకా వెళ్ళింది. పొడిబట్టలు తీసుకుని ఎర్నెస్టీన్ వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు, యూనిఫాం మీద టీ ఎండి అట్టకట్టింది.

"కుక్కల కంపు, చక్కెర పాకం కంపు," అందావిడ, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని. "ఎవరింటి విందు నుంచయ్యా రావడం?"

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. ఆవిడ పక్కనే నేల మీద కూలబడి, కంపుతో సహా ఆయన తలని భుజం మీదకి లాక్కుంది.

కాసేపటికి ప్యూ అమ్మమ్మ మిస్ ఆల్మా వచ్చింది. చిన్నగా ఎండిపోయిన మనిషి, చేతిలో నూనె మరకల కాగితం సంచీ. మనవణ్ణి చూసొచ్చి నేరుగా మింటర్ ముందు నిలబడింది.

"నా పిల్లాణ్ణి ఎండలో పరిగెత్తించింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"తొట్టిలో వేసిందీ నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మొదటిదానికి నిన్ను చచ్చినా క్షమించను. రెండోదానికి ఇదిగో, కూర్చుని తిను. వాడి కోసం వేయించి తెచ్చాను, డాక్టరు పెట్టొద్దంటున్నాడు." సంచీలోంచి కోడి తొడ తీసి చేతిలో పెట్టింది. మింటర్ తిన్నాడు. అంత రుచైన కోడి ఎన్నడూ తినలేదని ఎర్నెస్టీన్ ఎదుటే అన్నాడు, ఆవిడ కూడా ఊరుకుంది.

అప్పుడొచ్చాడు కెప్టెన్ డ్రిగ్గర్స్, కాగితమూ కలమూ పట్టుకుని. మింటర్‌ని పక్కకి పిలిచాడు.

"పిల్లాడు దక్కాడు, దేవుడి దయ. ఇప్పుడిది రాసిచ్చెయ్. నువ్వు అడిగావా లేదా?"

"అడిగాను. మూడుసార్లు."

"బాగున్నానన్నాడా లేదా?"

"అన్నాడు. మూడుసార్లూ."

"మరింకేం? అదే రాయి. అబద్ధం ఒక్క ముక్క రాయమనట్లేదు నిన్ను. నాలుగు లైన్లు. నీకూ మచ్చ రాదు, క్యాంపుకీ రాదు."

నిజమే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మింటర్ కలం అందుకున్నాడు. ఆ నాలుగు లైన్లు రాస్తే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. కానీ ఆ కాగితం ఫైల్లో ఉంటుంది. రేపు తన స్థానంలో వచ్చేవాడు, అడిగితే చాలునని అందులో చదువుకుంటాడు. వాడూ మూడుసార్లు అడుగుతాడు. అప్పుడు ఆ పిల్లాడి పక్కన తొట్టి ఉంటుందా? ఈ ఆలోచన రాగానే చెయ్యి దానంతటదే కదిలింది.

ఆయన రాసింది నాకు కంఠతా వచ్చు. 'మూడుసార్లు అడిగాను. బాగున్నానన్నాడు. బాగాలేకపోయినా అలాగే అనాలని పందొమ్మిది రోజులుగా నేనే వాడికి నేర్పాను. వాడు నేను నేర్పినట్టే చేశాడు. తప్పు వాడిది కాదు, ఎండది కాదు. నాది, ఈ పద్ధతిది. పద్ధతి మారేదాకా మధ్యాహ్నం పూట పరుగు ఆపేయాలి. - వెండెల్ మింటర్.'

కెప్టెన్ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు మింటర్."

"తవ్వుకోనివ్వండి కెప్టెన్. ఈ ఎండలకి లోపల చల్లగా ఉంటుంది."

నవ్వులాట కాదు, అప్పుడాయనకి నిజంగానే ఒళ్ళు తేలికపడింది. నాలుగేళ్ళుగా లోపల తొలుస్తున్న పురుగుని ఎవరో వేలితో తీసి బయట పారేసినట్టయిందన్నాడు నాతో.

ఆ కాగితం ఒక కాపీ డాక్టర్ హోలోవేకీ ఇచ్చాడు. పరుగులు ఆగాయి. ఆవిడ మళ్ళీ అడిగింది, ఈసారి ఒక్కొక్కణ్ణీ విడిగా, తలుపు వేసి, బూట్లు విప్పించి కూర్చోబెట్టి. ఆ రాతలు చదివి కౌంటీ సభ్యులు వారంపాటు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చేతులెత్తే పని వాయిదా వేశారు. పూర్తి రిపోర్టు మరుసటి వసంతంలో వచ్చింది. క్యాంపుకొచ్చి వెళ్ళినవాళ్ళలో వందకి నలభై ఇద్దరు రెండేళ్ళలో మళ్ళీ అరెస్టయ్యారు. అలాంటి నేరాలే చేసి క్యాంపుకి రానివాళ్ళలో నలభై ముగ్గురు. అంతే తేడా. బయటికి వెళ్ళాక ఎవరో ఒకరు ఇంటికెళ్ళి పలకరిస్తూ, పనో బడో చూసిపెట్టిన కొద్దిమంది మాత్రం కాస్త మెరుగ్గా ఉన్నారు. దుంగలు మోసినందుకు, కేకలు విన్నందుకు మేలు కనపడలేదు. క్యాంపు మూసేశారు.

మింటర్ కుమిలిపోతాడని అందరం అనుకున్నాం. నేను పనిగట్టుకుని ఓదార్చడానికి వెళ్ళాను. చూస్తే వాకిట్లో కుర్చీ వేసుకుని ఉడికించిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు.

"నలభై రెండు, నలభై మూడు," అన్నాడు. "ఆరొందల మందిని నేను చెడగొట్టలేదయ్యా. అంతకంటే ఏం కావాలి? బాగుచెయ్యలేదు, సరే. ఆ లెక్క ఎనభై అని వచ్చుంటే ఈ ఇంట్లో ఎలా ఉండేవాణ్ణి? ఇరవై అని వచ్చుంటే జీవితాంతం అరుస్తూ ఉండాల్సొచ్చేది. నా గొంతు చూశావా, ఆర్నెల్లుగా ఉప్పునీళ్ళ మొహం చూళ్ళేదు." ఇప్పుడు బడి బస్సు నడుపుతున్నాడు. అందులో అరిచేది పిల్లలే. సీట్లో కూర్చోరా అంటే కూర్చోనంటారట, ఆ సంగతి వచ్చి గొప్పగా చెబుతుంటాడు.

కానీ రిపోర్టు వచ్చేదాకా ఆయన ఆగలేదు. తనకి కావలసిన జవాబు అంతకు చాలా ముందే, ఆ ఆగస్టులోనే, ప్యూ ఆసుపత్రిలో ఉన్న ఆరో రోజున దొరికింది.

రోజూ వెళ్ళేవాడు. మొదటి రోజు యూనిఫాంలో వెళితే, చేతికి సూదులున్న పిల్లాడు మంచం మీద నిటారుగా లేవబోయాడు. రెండో రోజు నుంచి టోపీ వదిలేసి, ఎర్నెస్టీన్ కొన్న పువ్వుల చొక్కా వేసుకుని వెళ్ళాడు. అయినా అదే వరస. నొప్పి తగ్గిందా అంటే సార్, ఎస్ సార్. నొప్పిగా ఉందా అన్నా సార్, ఎస్ సార్. మంచినీళ్ళు తాగుతావా, వద్దా, కిటికీ తెరవనా, మూయనా, అన్నిటికీ అదే. డాక్టర్లేమో బాగవుతున్నాడంటారు. మింటర్‌కి నమ్మకం కుదరదు. వాడి నోటినుంచి వినాలి. ఆ నోటికి తనే తాళం వేశాడు. ఇంటికొచ్చి అన్నం సగంలో లేచిపోయేవాడు.

ఆరో రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు ఇద్దరూ టీవీ చూశారు. మిస్ ఆల్మా మూల కూర్చుని ఏదో అల్లుతోంది. వెళ్ళడానికి లేచి మింటర్ మెల్లగా అడిగాడు.

"రేపు రానా?"

పిల్లాడు కిటికీ వైపు చూశాడు. అమ్మమ్మ వైపు చూశాడు. ఆవిడ అల్లిక ఆపింది.

"వద్దు," అన్నాడు.

"ఎల్లుండి?"

"వద్దు. ఎప్పుడూ రావద్దు. మిమ్మల్ని చూస్తే నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

"అలాగే నాయనా," అన్నాడు మింటర్. "నువ్వు చెప్పినట్టే." కుర్చీ తీసి గోడ పక్కన పెట్టి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసి బయటికొచ్చాడు.

కింద ట్రక్కులో ఎర్నెస్టీన్ స్టీరింగు ముందు కూర్చుని ఉంది. ఆయన ముఖమంతా తడిగా ఉండటం చూసి ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందయ్యా? ఏమన్నాడు?"

"రావద్దన్నాడు. ఇంకెప్పుడూ నా ముఖం చూపించొద్దన్నాడు."

"అయ్యో," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఆయన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. నోరు చెవులదాకా సాగి ఉంది.

"వాడికి నయమైపోయిందే," అన్నాడు. "బండి తియ్యి, ఆకలేస్తోంది."